మెడ లేని సీసా కోసం

ఆదివారం పొద్దున్నే మా మేనల్లుడు ఫోన్ చేశాడు. ఇంట్లో ఎవరో పోయినట్టుంది వాడి గొంతు.

"మామయ్యా, 38.6 శాతం."

హాజరు అనుకున్నాను. ఇంజనీరింగ్ మూడో ఏడాది కుర్రాడు. 75 లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. అక్కకి ఈ మాట ఎలా చెప్పాలి, బావగారి బీపీ మాత్రలు ఇంట్లో ఉన్నాయా లేవా అని నేను కంగారుపడుతుంటే వాడే సర్దాడు.

"హాజరు కాదు మామయ్యా. బాటిల్‌నెక్. నువ్విచ్చిన ప్రాసెసర్‌ది."

నువ్విచ్చిన. అక్కడే నాకు మండింది.

ఆ పెట్టె 2014లో నేను కట్టుకున్నది. ఐ7 4790. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, టర్బో ఎక్కితే 4 గిగాహెర్ట్జ్. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లు ఎక్కీ దిగీ ఒక్కో పార్టూ ఏరుకొచ్చి, భోజనాల బల్ల మీద పాత పేపర్లు పరిచి, నా చేత్తో బిగించుకున్నది. తొమ్మిదేళ్లు దాని మీదే రాశాను, రాయడం ఎగ్గొట్టి దాని మీదే ఆడాను. వీడు కాలేజీలో చేరినప్పుడు 1060 గ్రాఫిక్స్ కార్డుతో సహా పిల్లనిచ్చి పంపినట్టు పంపించాను. ఇప్పుడా పిల్ల పనికిరాదట. లోపం ఎంతో పాయింట్లతో సహా తేల్చారట.

తేల్చింది ఇంటర్నెట్‌లో ఉండే ఓ బాటిల్‌నెక్ క్యాలిక్యులేటర్. ఈమధ్య ఎవరి నోట విన్నా అదే మాట. ప్రాసెసర్ బాగుందా అని ఒకరినొకరు అడగడం మానేశారు, "నీది ఎంత శాతం?" అంటున్నారు. సరే, ఆ న్యాయస్థానం ఎలా ఉంటుందో చూసొద్దామని నేనూ వెళ్లాను. ఎడమ గడిలో ప్రాసెసర్ పేరు. కుడి గడిలో కార్డు పేరు, మావాడు కొందామనుకుంటున్న 3060. మీట నొక్కగానే ఎర్రరంగులో అంకె. ఆ అంకె పక్కనే, ఎంత దయో చూడండి, కొత్త ప్రాసెసర్ కొనే మీట.

ఏ ఆట ఆడతావని అడగలేదు. మానిటర్ సెకనుకు ఎన్ని బొమ్మలు చూపిస్తుందని అడగలేదు. ర్యామ్ ఒకటా రెండా అని అడగలేదు. అబ్బాయిది ఏ నక్షత్రం, అమ్మాయిది ఏ నక్షత్రం, 36కి ఎన్ని గుణాలు కలిశాయి, అంతే. అబ్బాయి ఏం చేస్తాడో, అమ్మాయికి ఏం ఇష్టమో, కాపురం పెట్టేది ఏ ఊళ్లోనో, అద్దె ఎవరు కడతారో ఎవరికీ అక్కర్లేదు. ఈ లెక్కన మా వీధి పంతులుగారే నయం. కనీసం పుట్టిన వేళ అడుగుతారు, పాదం చూస్తారు, మరీ కుదరకపోతే ఓ శాంతి చేయించి కుదిర్చి పంపుతారు. ఆయన అరగుణం దాకా దిగుతారేమోగానీ పాయింట్ ఆరు దాకా ఏనాడూ దిగలేదు.

అసలు 38.6 శాతం దేంట్లో? 100 ఫ్రేములు రావాల్సిన చోట 61 వస్తాయనా? కార్డు అంత మేర ఖాళీగా కూర్చుంటుందనా? పెట్టిన డబ్బులో అంత భాగం మూసీలో కలిసిందనా? ఎవరూ చెప్పరు. అదే జంటను నేను మూడు చోట్ల పెట్టి చూశాను. ఒకచోట 38.6. ఇంకోచోట 17. మూడోచోట చక్కటి జోడీ అని పచ్చరంగులో దీవించారు, కొనే మీట మాత్రం అక్కడా ఉంది. బంగారం కొట్లో తరుగు శాతం దగ్గర అరగంట బేరమాడే మా బావగారు ఈ శాతం దగ్గర కిక్కురుమనలేదు. కంప్యూటర్ చెప్పింది కదా అన్నారు. కంప్యూటర్ గురించి కంప్యూటరే చెప్పాక ఇంకేముంది!

ఆ మాటే ఒకసారి పట్టి చూడండి. బాటిల్‌నెక్. సీసా మెడ. మెడ లేని సీసాని మీరెప్పుడైనా చూశారా? మెడ లేకపోతే దాన్ని గ్లాసంటారు, చెంబంటారు, బకెట్ అంటారు. గోలీసోడాకి మెడ నొక్కి ఉండబట్టే గోలీ ఆగుతుంది, గోలీ ఆగబట్టే గ్యాసు నిలుస్తుంది. ప్రపంచంలో ఏ కంప్యూటర్ తీసుకున్నా అందులో ఏదో ఒకటి మిగతావాటికన్నా ముందు అలిసిపోయి తీరుతుంది. ఏదీ అలిసిపోకపోతే సెకనుకు అనంతకోటి ఫ్రేములు రావాలి. అలాంటి యంత్రాన్ని ఇంకా ఎవరూ కనలేదు. అంటే 'నీ కంప్యూటర్‌లో బాటిల్‌నెక్ ఉంది' అని ఎవరైనా మొహం వేలాడేసుకుని చెబితే, 'నీ ఒంట్లో ఎముకలున్నాయి' అని డాక్టరు చెప్పినట్టు వినాలి.

మా వీధి చివర టిఫిన్ సెంటర్ దగ్గర నిలబడితే ఇదంతా పదిహేను నిమిషాల్లో బోధపడుతుంది. టోకెన్ చూసి "రెండు ప్లేన్, ఒక ఆనియన్" అని కేకపెట్టే కుర్రాడు ప్రాసెసర్. పెనం దగ్గర మాస్టారు గ్రాఫిక్స్ కార్డు. ఆటలో ఎవడు ఎక్కడున్నాడు, ఎవడి తూటా ఎవడికి తగిలింది, గోడ కూలితే ఇటుకలు ఎటు పడాలి, ఇవన్నీ లెక్కగట్టి "ఇదిగో ఈ బొమ్మ గీయి" అని కేకపెట్టేది ప్రాసెసర్. గీసేది కార్డు. ఉత్త ప్లేన్ దోసెలైతే మాస్టారు చకచకా తీసేస్తాడు, కుర్రాడి గొంతు ఎండిపోతుంది. అదే ఉప్మా పెసరట్టు, నెయ్యి కారం అంటూ వస్తే పెనం దగ్గర పొయ్యి పొగలు కక్కుతుంది, కుర్రాడు గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటాడు. మనుషులు వాళ్లే. మారింది దోసె. ఇప్పుడు చెప్పండి, ఏ దోసో అడక్కుండా ఆ కుర్రాడు మాస్టారికి 38.6 శాతం తక్కువ అనేవాణ్ణి ఏం చెయ్యాలి?

బొమ్మ సైజు పెంచితే పని పెరిగేది ప్రధానంగా మాస్టారికే. 1080 నుంచి 4కె కి వెళ్తే కార్డు నాలుగు రెట్లు పిక్సెళ్లు గీయాలి. ప్రాసెసర్ కేకలు మాత్రం ఇంచుమించు అవే. అందుకే చిన్న తెర మీద వెనకబడ్డ ముసలి ప్రాసెసరే పెద్ద తెర మీద కొత్తదాని పక్కన సమానంగా నిలబడుతుంది. దాని కాళ్లకు బలం వచ్చి కాదు, పెనం దగ్గర ఆలస్యం పెరిగి. ఇంత చిన్న సంగతి తెలియనివాడికి దశాంశ బిందువు చేతికివ్వడం కోతికి కొబ్బరికాయ ఇవ్వడమే.

ఇంత సేపు దీని మీదే ఉండిపోయానని మీకు విసుగ్గా ఉండొచ్చు. నాకూ ఉంది. కానీ ఆ 'పాయింట్ ఆరు' నా నిద్ర చెడగొట్టింది, మీది ఎందుకు చెడగొట్టకూడదు?

మిగతా వింతలు త్వరగా ముగిస్తాను. ఆటల కంపెనీలు 'కనీస అర్హతలు' అని ఓ జాబితా ఇస్తాయి. సైబర్‌పంక్ 2077 వచ్చిన 2020లో ఐ5 3570కె చాలన్నారు, 2023లో 2.0 వచ్చేసరికి ఐ7 6700 ఉండాలన్నారు. స్టార్‌ఫీల్డ్ వాళ్లయితే కనీసం ఐ7 6800కె ఉండాలన్నారు. మామూలు జనం దాన్ని ఎన్నడూ కొనలేదు, కళ్లతో చూసినవాళ్లూ అరుదే. ఆఫీసులో మూల పడున్న మిషన్ మీద ఏముందో చూసి రాసినట్టుంది. ఇక 'కనీసం' అంటే ఎన్ని ఫ్రేములు, ఏ సెట్టింగ్ అన్నది చాలా జాబితాల్లో వెతికినా దొరకదు.

'ఐ7 ఉంది కదా' అనే వాదన ఒకటి. 2022 నాటి ఐ3 12100, 2017 నాటి ఐ7 7700కె ని ఆటల్లో దాటేస్తుంది. పేరులో ఏడు ఉంటే ఏడు జన్మలు రావు.

జీటీఏ 6 కోసం ఇప్పుడే ప్రాసెసర్ మారుస్తున్నవాళ్లున్నారు. ఆ ఆటను ప్రకటించింది ప్లేస్టేషన్ 5కి, ఎక్స్‌బాక్స్ సిరీస్‌కి. నేనిది రాస్తున్నప్పటికి పీసీ ఊసే లేదు. జీటీఏ 5 కన్సోళ్లకు 2013 సెప్టెంబర్‌లో వస్తే పీసీకి 2015 ఏప్రిల్‌లో వచ్చింది. ఆలూ లేదు చూలూ లేదు, క్యాబినెట్‌కి మాత్రం లైట్లు వెలుగుతున్నాయి.

2025 జనవరిలో ఎన్‌విడియా అధినేత జెన్సెన్ హువాంగ్ వేదికెక్కి 549 డాలర్ల 5070 కార్డులో 4090 సత్తా ఉందన్నారు. అది నాలుగు ఫ్రేముల్లో మూడింటిని కార్డే ఊహించి గీసుకుంటే వచ్చే సత్తా. ఆ ఊహించిన ఫ్రేములకు ఆట లెక్కలు కట్టాల్సిన పని ప్రాసెసర్‌కి లేదు. ప్రాసెసర్‌ని అడక్కుండా బొమ్మలు గీసే కార్డు అమ్ముతూ, దాని పక్కన పెట్టడానికి కొత్త ప్రాసెసర్ కావాలంటారు.

సరే, సమీక్షలు. కొత్త ప్రాసెసర్‌ని పరీక్షించేవాళ్లు దాని పక్కన 4090 లాంటి ఖరీదైన కార్డు పెట్టి, తెర 1080లో ఉంచి కొలుస్తారు. అది న్యాయమైన పద్ధతే. పెనాన్ని దారిలోంచి తప్పిస్తే తప్ప కేకపెట్టేవాడి వేగం తెలియదు. తప్పంతా ఆ పట్టికను 1060 పెట్టుకున్న మనిషి చదవడంలో ఉంది. వాడి ఇంట్లో రెండు ప్రాసెసర్లకీ ఇంచుమించు ఒకే అంకె వస్తుందని ఆ పట్టికలో రాసి ఉండదు, వాడికి చెప్పేవాళ్లూ ఉండరు.

చెప్పాల్సింది కొట్టువాడు. ఆ కొట్టువాడి సంగతికే వస్తున్నాను.

అదే ఆదివారం మధ్యాహ్నం బావగారు ఫోన్ చేశారు. "ఏమయ్యా, చిట్టీ పాడేద్దామనుకుంటున్నాను. ఓ లక్షా పన్నెండు వేలవుతుందట." ముందురోజు సాయంత్రం తండ్రీకొడుకులు ఓ కంప్యూటర్ కొట్టుకి వెళ్లారు. వెళ్లింది కార్డు ధర కనుక్కోవడానికి. కొట్టువాడు ప్రాసెసర్ పేరు విని పెదవి విరిచాడు. ఆ ప్రాసెసర్‌కి ఈ కార్డు దండగన్నాడు. ప్రాసెసర్ మార్చాలంటే బోర్డు మార్చాలి. బోర్డు మారితే పాత ర్యామ్ ఎక్కదు. కొత్త ర్యామ్ ధరేమో ఆకాశంలో ఉంది, ఏఐ డేటా సెంటర్లు ఊడ్చుకుపోతున్నాయి, మైక్రాన్ కంపెనీ అయితే 'క్రూషియల్' పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారమే మానేస్తున్నానని 2025 డిసెంబర్‌లో చెప్పేసింది. తర్వాత ఎస్ఎంపీఎస్. తర్వాత నీళ్లతో చల్లబరిచే కూలర్. తర్వాత అద్దాల క్యాబినెట్. చొక్కాకి గుండీ కుట్టించుకుందామని వెళ్తే సూటుకి కొలతలు తీసి పంపించారు. రెండు వేలు అడ్వాన్స్ కూడా పుచ్చుకున్నారు.

"వాడు ఏం ఆడతాడని అడిగారా బావగారూ?"

"లేదే."

"మానిటర్ ఏదని అడిగారా?"

"అదెందుకు?"

మావాడు ఆడేది రెండే ఆటలు, కౌంటర్ స్ట్రైక్ 2, వాలరెంట్. మానిటర్ 75 హెర్ట్జ్. సెకనుకు 75 బొమ్మల కన్నా ఎక్కువ చూపించలేని మానిటర్ ముందు కూర్చునే కుర్రాడికి, సెకనుకు 300 ఫ్రేముల మాట చెప్పి, తండ్రి రెండేళ్లుగా కడుతున్న చిట్టీ ఎత్తించబోయారు. ఆ చిట్టీ దేనికో నాకు తెలుసు. అక్క మోకాలి ఆపరేషన్‌కి. రెండు ప్రశ్నలు, రెండే రెండు ప్రశ్నలు అడిగితే ఈ ఖర్చు ఉండేది కాదు. అడిగితే అమ్మకం పోతుందని తెలిసి అడగలేదు. దీన్ని వ్యాపారం అంటే నిజంగా వ్యాపారం చేసుకునేవాళ్లకు అవమానం. మోసం అనాలి. జేబు కొట్టేవాడు కనీసం మన జేబులో ఉన్నదే తీసుకుంటాడు. వీళ్లు చిట్టీ పాడించి, ఈఎంఐ కట్టించి, లేని డబ్బు కూడా జేబులో పెట్టించి మరీ కొడతారు.

ఇది ఒక్క కొట్టు సంగతే అయితే వదిలేద్దును. పైనుంచి కిందిదాకా ఇదే వరస. 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 జాబితాలో చోటు ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే. 2017 జనవరిలో అమ్మకానికి వచ్చిన 7700కె కి, విండోస్ 11 వచ్చిన 2021 అక్టోబర్ నాటికి నిండా ఐదేళ్లు లేవు, అయినా గుమ్మం బయటే. అదే ఏడో తరంలో మినహాయింపు దొరికిన కొద్దిమందిలో 7820హెచ్‌క్యూ ఒకటి. అది ఎక్కడుందో తెలుసా? మైక్రోసాఫ్ట్ తాను అమ్ముకున్న సర్ఫేస్ స్టూడియో 2లో. సొంత ఇంటి పిల్లకి సంబంధం కుదిరిపోయింది. ఊళ్లో పిల్లలందరికీ కుజదోషం.

ఆ దోషం అంటగట్టిన పెట్టెలన్నీ ఎక్కడికి పోతాయి? 2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగేసిందని ఐక్యరాజ్యసమితి లెక్క. అందులో పద్ధతిగా సేకరించి శుద్ధి చేసినట్టు నమోదైంది 22.3 శాతం. దశాంశం పెట్టడానికి అర్హత ఉన్న శాతం ఇది, దీన్ని మాత్రం ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. మిగిలినదాంట్లో మన వాటాలో కొంత ఢిల్లీ సీలంపూర్ లాంటి సందుల్లోకి వెళ్తుంది. అక్కడ ఆడవాళ్లు, పిల్లలు సుత్తులతో బోర్డులు పగలగొడతారు, రాగి కోసం వైర్లు కాలుస్తారు, ఆ పొగే పీలుస్తారు. అక్కడ నలిగే పెట్టెల్లో తుడిస్తే మళ్లీ తిరిగేవి ఎన్నో. ఆటకు చాలదని కొందరు, జాబితాలో లేదని కొందరు విసిరేసినవి.

కొత్తదయితే నిక్షేపంలా పనిచేస్తుంది కదా అంటారా? ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు వోల్టేజి ఎక్కువై దెబ్బతింటుంటే 2024లో ఆ కంపెనీ మైక్రోకోడ్ సవరణ ఇచ్చి, వారంటీ రెండేళ్లు పొడిగించింది. నా 4790 పదకొండేళ్లుగా తుమ్మను కూడా తుమ్మలేదు. ఇంకో మాట. పాతవి ఇంతకాలం నిలబడటానికి కారణం కూడా ఆ కంపెనీయే. 2007 నాటి క్యూ6600కి నాలుగు కోర్లు. 2017 జనవరి నాటి 7700కె కి నాలుగు కోర్లు. పదేళ్లు మామూలు జనానికి అదే నాలుగు. 2017 మార్చిలో ఏఎండీ రైజెన్ వచ్చి మీద పడ్డాకగానీ, ఆ ఏడాది అక్టోబర్‌లో ఆరో కోరు కళ్లబడలేదు. పదేళ్లు కదలని కంపెనీయే పదేళ్ల ప్రాసెసర్‌ని ముసలిది అనడం నాకు నచ్చలేదు.

సాయంత్రం నాలుగింటికి స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని బావగారింటికి వెళ్లాను.

ముందు తాకిచూస్తే పెట్టె పక్కరేకు ఇస్త్రీపెట్టెలా ఉంది. కౌంటర్ స్ట్రైక్ తెరిపించి మూలన అంకెలు కనిపించేలా ఆఫ్టర్‌బర్నర్ పెట్టాను. ప్రాసెసర్ వేడి 98 డిగ్రీలు. ఆ వేడికి అది తన ప్రాణం తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటోంది. సగటు 74 ఫ్రేములు. సగటుకేం గానీ, మలుపు తిరిగినప్పుడల్లా ఓ కుదుపు. గేరు మార్చిన ప్రతిసారీ ప్రయాణికుల్ని ముందు సీటుకి గుద్దే పాత ఆర్టీసీ బస్సు గుర్తుకొచ్చింది.

రేకు విప్పాను. అక్క ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. ఫ్యానుకీ దాని కింద అల్యూమినియం రెక్కలకీ మధ్య దుమ్ము దూదిపరుపులా కూర్చుంది. చీపురుపుల్లతో లాగితే తెగకుండా చాప చుట్టినట్టు ఒక్క ముక్కగా వచ్చింది. అడుగున బల్లిగుడ్డు పెంకులు రెండు. కూలర్ ఎత్తితే ప్రాసెసర్ మీద నేను 2014లో రాసిన పేస్టు విభూతిలా పొడిపొడిగా రాలింది. మేనల్లుడు సిగ్గుపడ్డాడు. నేనూ పడ్డాను, ఇచ్చేటప్పుడు మార్చి ఇవ్వాల్సింది. పాత టూత్‌బ్రష్, స్పిరిట్‌లో ముంచిన దూది, కందిగింజంత కొత్త పేస్టు. మొత్తం ఖర్చు బావగారు ఆ పూట తెప్పించిన మిర్చి బజ్జీలకన్నా తక్కువ.

అప్పుడు కనిపించింది ఇంకో సంగతి. నేనిచ్చినవి 8 జీబీ ర్యామ్ ముక్కలు రెండు. లోపల ఒకటే ఉంది.

"రెండోదేదిరా?"

"నల్లతెర వస్తోందని హాస్టల్లో ఫ్రెండ్ పీకేశాడు మామయ్యా. సొరుగులో ఉంది."

పుస్తకాల సొరుగులో, చెవిపోగు పక్కన, పేపర్ క్లిప్పుల మధ్య దొరికింది. పెన్సిల్ రబ్బరు పెట్టి దాని బంగారుపళ్లు రుద్ది, ఊది, ఖాళీగా ఉన్న గాట్లో నొక్కితే టక్కుమని కూర్చుంది. రెండు ముక్కలుంటే ప్రాసెసర్ రెండు దార్లలో ర్యామ్‌తో మాట్లాడుతుంది, ఒకటే ఉంటే ఒకే దారి. అప్పట్నుంచీ పాపం ముసల్ది ఒంటికాలి మీద కుంటుతోంది. దాని కుంటు చూడకుండానే 38.6 అని తేల్చారు.

వేడి 71కి దిగింది. కౌంటర్ స్ట్రైక్ సగటు 131. కుదుపులు దాదాపు పోయాయి.

"ఇప్పుడు తెర 1080 నుంచి 720కి దించు" అన్నాను. దించాడు. కార్డుకి పని సగానికన్నా తక్కువైంది కాబట్టి, ఆపుతున్నది కార్డే అయితే ఫ్రేములు బాగా పెరగాలి. 131 కాస్తా 138 అయింది, అంతే.

వాడు కుర్చీలోంచి ఎగిరాడు. "చూశావా! పెరగలేదు! బాటిల్‌నెక్ ప్రాసెసరే!"

"ప్రాసెసరే. ఒప్పుకున్నా. నీ మానిటర్ ఎంత?"

"75."

"131లో 75 తీసేస్తే?"

లెక్కల్లో వాడు గట్టివాడే. మాట్లాడలేదు. 240 హెర్ట్జ్ మానిటర్ కొని రాష్ట్రస్థాయి పోటీలకు వెళ్తానంటే అప్పుడు ఈ ప్రాసెసర్ చాలదు, నేనే చెబుతాను, నేనే వచ్చి కొనిపెడతాను. ఈ ఆటకి, ఈ తెర ముందు, కొత్త ప్రాసెసర్ తెచ్చే ఫ్రేముల్లో చాలావాటిని వాడి కళ్లు చూడనే చూడవు. కొత్త కార్డూ అంతే, ఆపుతున్నది కార్డు కానప్పుడు కార్డు మార్చి ఏం లాభం? విచర్ 3 పెట్టి చూపించాను. అక్కడ కార్డు 98 శాతం కష్టపడుతుంటే ప్రాసెసర్ సగం నిద్రలో ఉంది. వాడు దాన్ని ఆడడు, అది వేరే సంగతి.

అంతమాత్రాన పాతదంతా బంగారమని నేననను. నాకిష్టమైన బాల్డర్స్ గేట్ 3 కూడా ఆ రాత్రి అక్కడే పెట్టి చూశాను. మూడో అంకంలో ఊళ్లోకి అడుగుపెట్టగానే 36 ఫ్రేములు. 720కి దించితే 37. ఇది పచ్చి ఓటమి, 4790కి ఊపిరి అందలేదు. కాకపోతే అది వంతులవారీ ఆట. నా వంతు వచ్చేలోపు లేచి టీ పెట్టుకుని రావచ్చు, 36తో నాకు ఏ బాధా లేదు. డ్రాగన్స్ డాగ్మా 2లో ఊరి జనం లెక్కలతో ప్రాసెసర్ మీద భారం పడుతోందని చేసిన క్యాప్‌కామ్ వాళ్లే ఒప్పుకున్నారు, అక్కడ కొత్త ప్రాసెసర్లే తడబడ్డాయి. బ్యాటిల్‌ఫీల్డ్ 6 ఈ పెట్టెలో తెరుచుకోదు కూడా. దానికి టీపీఎం, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు కావాలి. అది బలం లేక కాదు, తాళం చెవి లేక. 2011, 2012 నాటివాటికి ఏవీఎక్స్2 ఆదేశాలు తెలియవు, అవి లేకుండా మొదలవని కొత్త ఆటలున్నాయి. వాటి ముందు దుమ్ము దులిపినా, పేస్టు మార్చినా దండగే. ఈ తేడాలన్నీ నాకు తెలుసు. కొట్టువాడికీ తెలుసు. అదే నా కడుపుమంట.

టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ 45 శాతం చూపిస్తోంది కదా, ఖాళీగా ఉన్నట్టేనా అని వాడు మంచి ప్రశ్నే అడిగాడు. ఎనిమిది థ్రెడ్లలో ఒకటి నూటికి నూరూ మోస్తూ నడుం విరగ్గొట్టుకుంటుంటే మిగతావి అరకొర పనితో సరిపెట్టినా సగటు 45 అనే చూపిస్తుంది. మా కుటుంబాల్లో పెళ్లి పనులు జరిగే తీరులాగే. అక్క నవ్వింది. బావగారు నవ్వలేదు.

మర్నాడు అడ్వాన్స్ వెనక్కి అడిగితే కొట్టులో డబ్బు ఇవ్వరన్నారు, ఏదైనా వస్తువు తీసుకెళ్లమన్నారు. బావగారు గంటసేపు పోట్లాడి, చివరికి ఏడు రంగుల్లో వెలిగే మౌస్ ఒకటి పట్టుకొచ్చారు. చిట్టీ పాడలేదు.

బుధవారం రాత్రి పదిన్నరకి మళ్లీ ఫోన్. వరసగా నాలుగు మ్యాచులు ఓడిపోయాడట. ఫ్రేములు బాగానే ఉన్నాయట, వేడి 70 దాటలేదట, కొత్త మౌస్ కూడా చేతికి అమిరిందట.

"మరేంట్రా?"

కాసేపు ఆలోచించాడు.

"మామయ్యా, మౌస్‌ప్యాడ్‌ది ఎంత శాతం ఉండొచ్చంటావ్?"